దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి

ఈసారి ఏ రోగాన్ని గురించీ రాయడం లేదు. రోగానికంటె ముందే ఇంట్లోకి వచ్చి కూర్చునే ఒక అలవాటును గురించి రాస్తున్నాను. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెద్దవారెవరో ఒక తప్పుడు వైద్య సలహా పంపుతారు. అది తప్పని తెలిసినవారు అదే గ్రూపులో కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారు దానికింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి తమ పని తాము చూసుకుంటారు. నా పోట్లాట సలహా పంపిన పెద్దాయనతో కాదు. దండం పెట్టినవారితో. ఆయనకు తెలియదు, మీకు తెలుసు. తేడా అంతా అక్కడే ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల కుటుంబాలు ఇప్పుడు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు ఊళ్ళో, కొడుకు ఉప్పల్‌లో, కూతురు డల్లాస్‌లో. గని నుంచి పదవీ విరమణ పొందిన తండ్రి భూపాలపల్లిలో, మనుమలు బెంగళూరులో. మానుకోట చుట్టుపక్కల తండాలలో చదువు రాని అవ్వ చేతిలోకి కూడా కొడుకు వాడి వదిలేసిన ఫోను చేరింది. అక్షరాలు చదవలేకపోతే మాత్రమేమి, వినిపించే సందేశం ఉందిగా! ధీమాగా మాట్లాడే గొంతు, మధ్యమధ్య ‘డాక్టర్లు మీకు ఈ విషయం చెప్పరు’ అనే మాట. చదివిన దానిని అనుమానించేవారైనా ఉంటారు గాని, విన్న గొంతును అనుమానించడం మన పెద్దలకు అలవాటు లేదు.

ఈ గ్రూపు మన పాత అరుగుకు బదులు వచ్చిందని కొందరు మురిసిపోతుంటారు. నేను ఒప్పుకోను. అరుగు మీద కూర్చుని ఒకాయన ‘తేలు కుడితే ఫలానా ఆకు పెట్టాలె’ అంటే, పక్కనే ఉన్న ఇంకొకాయన ‘ఊకో, నీ సోది నువ్వూను, మొన్న గదే పెట్టి మా బామ్మర్దిని సంపినంత పని జేసిండ్రు’ అనేవాడు. అందరూ నవ్వేవారు. మాట గాలికి పోయేది, పరువూ దక్కేది. గ్రూపులో అలా కాదు. అక్కడ అన్న మాట రాతగా మిగిలిపోతుంది. అల్లుడు చూస్తాడు, వియ్యంకుడు చూస్తాడు. పెద్దనాయన పంపిన దానికింద ‘ఇది తప్పు’ అని రాయడమంటే పెళ్ళి పందిట్లో ఆయన తలపాగా దించినట్టు అవుతుందని మన భయం. ఆ భయమే అబద్ధానికి రక్షణ. అరుగు మీద అబద్ధానికి ఆయుష్షు ఒక సాయంత్రం. గ్రూపులో దానికి చావు లేదు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అదే వీడియో, మళ్ళీ అవే దండాలు.

ఇప్పుడు కొన్ని నమూనాలు చూద్దాం. మీ ఫోనులో వెతకండి, మూడింటిలో రెండయినా దొరుకుతాయి.

మొదటిది: ‘ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి.’ ఇది వాట్సాప్ పుట్టక ముందే పుట్టింది. అమెరికాలోని రోచెస్టర్ జనరల్ ఆసుపత్రి పేరు తగిలించుకుని 1999 నుంచి ఈ-మెయిళ్ళలో తిరిగింది. ఆ సలహాతో తమకు సంబంధం లేదని ఆ ఆసుపత్రి చెప్పుకోవలసి వచ్చింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా దీనిని సమర్థించడం లేదు. కారణం తేలికగా అర్థమయ్యేదే. గుండెపోటు అంటే గుండె కండరానికి వెళ్ళే రక్తనాళం పూడుకుపోవడం. దగ్గితే పూడిక తెరుచుకోదు. గుండె ఆగిపోవడం వేరు. అది జరిగితే మనిషి కొన్ని సెకన్లలో స్పృహ తప్పుతాడు, ఇక దగ్గేదెవరు? ఆసుపత్రిలో తీగలన్నీ తగిలించి ఉన్న రోగికి గుండె లయ తప్పిన క్షణంలో వైద్యుడు పక్కన నిలబడి ‘దగ్గు’ అనడం ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది. ఆ ముక్కను పట్టుకొచ్చి ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలాయన చేతిలో పెట్టారు. ఆయన 108కి ఫోను చేయవలసిన పది నిమిషాలూ దగ్గుతూ కూర్చుంటాడు.

రెండవది: పక్షవాతం వస్తే పది వేళ్ళ కొనల్లోనూ, చెవి తమ్మెల్లోనూ సూదితో గుచ్చి రక్తం కారనివ్వాలట. చైనా ఆచార్యుడొకరు చెప్పారట. దీని మీద కాస్త ఆగుతాను. దీని ఫలితాన్ని నేను కళ్ళారా చూశాను.

జనగామకు దగ్గరలోని ఒక ఊరు. అరవై దాటిన రైతు. ఉదయం ఆరున్నరకు పళ్ళు తోముకుంటుండగా మూతి ఒక పక్కకు పోయింది, కుడి చేతిలోని చెంబు జారింది. భార్యకు, కోడలికి వెంటనే గుర్తుకు వచ్చింది నాలుగు రోజుల కిందట గ్రూపులో వచ్చిన సూది వీడియో. పంపినది ఇంటి పెద్దల్లో ఒకరు. దానికింద పందొమ్మిది దండాలు. సూది వెతికారు, దీపం మీద కాల్చారు, పది వేళ్ళూ గుచ్చారు, చెవులు గుచ్చారు. తగ్గుతుందేమోనని చూశారు. పట్నంలో ఉన్న కొడుకుకు ఫోను చేస్తే అతడు రోడ్డు మీద బండి నడుపుతూ ఎత్తలేదు. 108కి ఫోను చేసేసరికి పది దాటింది. స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరేసరికి పన్నెండున్నర. ఆయన బతికారు. కుడి చెయ్యి బతకలేదు. నన్ను ఇప్పటికీ కలచివేసే సంగతి వేరే ఉంది. ఆ పందొమ్మిది దండాలలో ఒకటి నర్సుగా పనిచేసే మేనకోడలిది. ‘తప్పని తెలుసు సార్, మామకు ఎదురు చెప్పినట్టవుతుందని ఊకున్న’ అన్నది. ఆ పిల్లను నిందించడానికి ఇది రాయడం లేదు. ఆమె పాటించింది మనం నేర్పిన మర్యాదనే. అందుకే ఆ మర్యాద మీద కోపం.

పక్షవాతంలో కాలం లెక్క ఇది. నాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే సూది మందు ఉన్నది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఇచ్చే ముందు సి.టి. స్కాన్ తీసి అది గడ్డా, రక్తస్రావమా తేల్చుకోవాలి. రక్తస్రావమైతే అదే మందు ప్రాణం తీస్తుంది. మన మూడు జిల్లా కేంద్రాలలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగిలిన రెండింట 2023లో. సంతోషమే. కాని కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల నుంచి, మహదేవపూర్, కాళేశ్వరం వైపు నుంచి తగిన ఆసుపత్రికి చేరడానికి నేటికీ గంటలు పడుతుంది. ఆ నాలుగున్నర గంటల్లో ప్రయాణమే సగం తింటుంది. మిగిలిన సగాన్ని సూదికి ధారపోస్తే ఇక మిగిలేదేమిటి?

‘మా పక్కింటాయనకు సూది గుచ్చితే తగ్గింది డాక్టరుగారూ’ అనేవారు ఉన్నారు. నమ్ముతాను. తగ్గి ఉంటుంది. పక్షవాతంలో తాత్కాలికమైన రకం ఒకటుంది. మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, కొన్ని నిమిషాల్లోనో గంటలోనో దానంతట అదే సర్దుకుంటుంది. సూది గుచ్చినా తగ్గేది, గుచ్చకపోయినా తగ్గేది, పక్కన కూర్చుని భజన చేసినా తగ్గేది. ఆ తగ్గడం వరం కాదు, హెచ్చరిక. తరువాతి కొద్ది రోజుల్లోనే పెద్ద దెబ్బ పడే అవకాశం ఎక్కువ. సూదికి మొక్కి ఇంట్లో పడుకున్న మనిషి ఆ హెచ్చరికను పోగొట్టుకుంటాడు. దొంగ వైద్యాలన్నిటి బలమూ ఇదే. దానంతట అది తగ్గిన ప్రతిదానికీ అవి బిల్లు వేసుకుంటాయి.

మూడవ నమూనాకు, అంటే పాముకాటుకు, చివరలో వస్తాను. వానాకాలం మీద ఉన్నాం కనుక దానికి చోటు కావాలి.

‘గ్రూపులో ఒక మాట వస్తే ఏం కొంపలు మునుగుతాయి?’ అని అడిగేవారి కోసం రెండు సంగతులు. 2018 మే నెల గుర్తుందా? పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన తెలంగాణ ఫోన్లన్నిటా వీడియోలు. పోలీసులు అబద్ధమని మొత్తుకున్నా ఆగలేదు. నిజామాబాద్ జిల్లాలో, యాదాద్రి జిల్లాలో, హైదరాబాద్ పాతబస్తీలో అమాయకులను జనం కొట్టి చంపారు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాలవారు టిక్‌టాక్ వీడియో నమ్మి, కరోనా రాకుండా ఉంటుందని ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్తలో అట్రోపిన్ జాతి విషాలుంటాయి. నోరు ఎండిపోతుంది, కంటిపాప విప్పారుతుంది, మనిషి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పలవరిస్తాడు. మోతాదు మించితే ప్రాణం పోతుంది. ఆ వీడియో చూపించినది శత్రువులు కాదు.

2018 హత్యల తరువాత వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020లో, బాగా తిరిగిన సందేశమైతే ఒకసారి ఒక్క చోటికే అన్నది. రెండు బాణాల గుర్తు కూడా పెట్టింది. మంచిదే. కాని ఆ గుర్తు చెప్పేది ఒక్కటే, ఇది చాలా చేతులు మారిందని. మన పెద్దలు దానిని ‘చాలామంది పంపారంటే నిజమే అయి ఉంటుంది’ అని చదువుకుంటున్నారు. పైగా మన ఇళ్ళలో ఒక్క గ్రూపు అంటే వంశమంతా. ఒక్క చోటికి పంపితే చాలదా! యంత్రం లెక్క పెట్టగలదు, సిగ్గుపడలేదు. ఆ పని మనిషే చేయాలి.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1954లో తెచ్చిన మందులు, మాయా వైద్యాల ప్రకటనల చట్టం ఒకటి మన దేశంలో ఉంది. మధుమేహం, రక్తపోటు, క్యాన్సరు, పక్షవాతం వంటి యాభై నాలుగు జబ్బులను నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడం దాని ప్రకారం నేరం. గోడ మీద రాస్తే నేరం, పత్రికలో వేస్తే నేరం. మన బావగారు అదే ప్రకటనను పైసా తీసుకోకుండా, ‘మీ మేలు కోరి’ అనే మాట చేర్చి, డెబ్బై మందికి చేరవేస్తారు. అమ్ముకునేవాడికి ఇంతకంటె చవకైన ఏజెంటు దొరుకుతాడా?

ఇక్కడ వంటింటి వైద్యానికి, ఈ వ్యవహారానికి తేడా చెప్పకపోతే నా మీద నింద వస్తుంది. జలుబుకు మిరియాల చారు తాగండి, నేనూ తాగుతాను. గొంతు నొప్పికి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. తగ్గే జబ్బును హాయిగా తగ్గనిచ్చేవి అవి. నా అభ్యంతరం మూడు చోట్ల. వాడుతున్న మందును మాన్పించే చోట, ఆసుపత్రికి వెళ్ళడాన్ని ఆలస్యం చేసే చోట, ఒకరికి మంచిదైనది అందరికీ మంచిదని చెప్పే చోట. రాత్రి నానబెట్టిన బెండకాయ నీళ్ళు తాగితే తాగండి, మందు మానకండి. చిన్న వయసులో మధుమేహం వచ్చి ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లవాడికి రెండు మూడు రోజులు ఇన్సులిన్ ఆపితే రక్తం ఆమ్లమయమై స్పృహ తప్పుతాడు. కొబ్బరినీళ్ళు కిడ్నీలకు అమృతమంటారు. పాడైపోయిన కిడ్నీలతో డయాలసిస్ చేయించుకుంటున్నవారికి అందులోని పొటాషియం పేరుకుని గుండె ఆగిపోవచ్చు. ఒకే గ్రూపులో ఆ మాట చదివే డెబ్బై మందిలో ఆ ఒక్కరు ఎవరో పంపినవారికి తెలుసా?

నా వృత్తివారిని కూడా వదలను. ప్రపంచ దేశాలలో వైద్యుడు రోగితో గడిపే సమయాన్ని పోల్చిన ఒక అధ్యయనం 2017లో బీఎంజే ఓపెన్ అనే పత్రికలో వచ్చింది. మన దేశపు లెక్క రెండు నిమిషాల చిల్లర. ఆ రెండు నిమిషాల్లో రోగి పేరు, బాధ, చీటీ, తరువాతి రోగి. ‘ఈ గోలీ ఎందుకు, ఎన్నాళ్ళు, మానితే ఏమవుతుంది’ అన్న ప్రశ్నలు రోగి నోట్లోనే ఉండిపోతాయి. ఆ ప్రశ్నలకు తీరికగా, కమ్మని తెలుగులో జవాబు చెప్పేవాడు ఫోనులో దొరుకుతున్నాడు. అబద్ధమే చెబుతున్నాడు, కాని కూర్చుని చెబుతున్నాడు. వైద్యులు విసుక్కున్నంత కాలం ఆ దుకాణం మూతపడదు. ఇది చదివే యువ వైద్యులు కోపగించుకున్నా సరే, ఈ మాట వెనక్కు తీసుకోను.

‘పంపినవారి ఉద్దేశం మంచిది కదా’ అని మీరంటారు. మంచిదే. నా అనుభవంలో ఈ సందేశాలు ఎక్కువగా పంపేది ఒంటరిగా ఉన్న పెద్దవారే. పిల్లలకు ఏం చెప్పాలో తోచదు, చెప్పకుండా ఉండలేరు. పొద్దున ఒక పూల బొమ్మ, మధ్యాహ్నం ఒక చిట్కా. ‘నేనున్నాను’ అని చెప్పడమే అది. (ఈ శుభోదయాలతో ఫోన్లు నిండిపోతున్నాయని గూగుల్ పరిశోధకులు గుర్తించిన సంగతి 2018లో వార్తల్లోకి ఎక్కింది. ఫోను నిండిపోయి రక్త పరీక్ష నివేదిక తెరుచుకోక నా గదిలో తంటాలు పడినవారిని నేనే ఎందరినో చూశాను. ఆ పూలన్నీ తీసేస్తే గాని క్రియాటినిన్ ఎంతో కనబడదు.) అందువల్లనే దండం బొమ్మ నాకు ఇంత రోతగా కనిపిస్తుంది. ఆయన పలకరించాడు, మీరు బొమ్మ విసిరారు. ఆయన మాట వినలేదు, తప్పు దిద్దలేదు, బాగున్నావా అని అడగలేదు. దీనికి గౌరవమని పేరు పెట్టుకున్నాం.

ఎలా దిద్దాలని అడుగుతారు. గ్రూపులో అందరి ముందూ ఎండగట్టమని నేను చెప్పడం లేదు. మొదట ఆయనకు విడిగా ఫోను చేయండి. బొమ్మ కాదు, గొంతు. ‘పెద్దబాపూ, మంచిగున్నవా? నువ్వు పెట్టిన సూది సంగతి జూసిన. గది నిజం గాదట. అట్ల జేస్తె టైం పోయి చెయ్యి పడిపోతదట. జర గ్రూపుల నువ్వే చెప్పు, నువ్వు చెప్తె అందరు ఇంటరు.’ చివరి వాక్యం ముఖ్యం. దిద్దే గౌరవం ఆయనకే దక్కాలి. పదిమందిలో ఎనిమిది మంది పెద్దలు ఈ మాటకు లొంగుతారని నా నమ్మకం. మిగిలిన ఇద్దరి విషయంలో మాత్రం మొహమాటం వద్దు. గ్రూపులోనే రాయండి, మర్యాదగా, రెండు వాక్యాల్లో, కారణంతో సహా. అలుగుతారు. పండుగకు పిలవకపోవచ్చు కూడా. పిలవకపోతే ఒక పూట భోజనం పోతుంది. మీరు నర్సు అయినా, మందుల దుకాణంలో పనిచేసేవారైనా, ఆశ కార్యకర్త అయినా, ఇంటర్‌లో జీవశాస్త్రం చదివే అమ్మాయి అయినా మీ ఇంటికి వైద్యశాస్త్రం తరఫున ఉన్న మనిషి మీరే.

ఇక పాముకాటు. ‘నాజా 200 అనే హోమియో మందు ఇంట్లో ఉంచుకోండి, ఏ పాము కరిచినా మూడు సార్లు నాలుక మీద వేస్తే చాలు’ అనే సందేశం వానలు పడగానే మన జిల్లాల్లో మొలకెత్తుతుంది. పాముకాటుకు మన దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం ఉంది. చావుల్లో దాదాపు సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. నాజా వేసుకుని బతికినవారు లేరా అంటే, ఉంటారు. కరిచిన పాముల్లో చాలావాటికి విషం లేదు, విషమున్నవీ ప్రతిసారీ విషం దింపవు. అలా బతికినవాడు సాక్ష్యం చెప్పడానికి ఊళ్ళో ఉంటాడు. చనిపోయినవాడు ఉండడు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ పనిచేసే ఒకే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. వేరే మందు లేదు. కరిచిన చోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఉంగరాలు, కడియాలు తీసేయండి, ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి 108కి ఫోను చేయండి. పామును వెతికి చంపి తెస్తూ సమయం పోగొట్టుకోవద్దు. కట్లపాము విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. దానిని అజీర్తి అనుకుని సోడా తాగించకండి.

నాజా సందేశం ఈ ఏడాది కూడా మీ గ్రూపుకు వస్తుంది. వచ్చే లోపల మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసి, విరుగుడు మందు అక్కడే ఉందా, లేకపోతే దగ్గరలో రాత్రిపూట ఎక్కడ దొరుకుతుందో అడగండి. ఆ ఊరి పేరు, ఆ ఫోను నంబరు మీ గ్రూపులో పెట్టండి. దానికింద ఎవరైనా దండం పెడితే నాకు అభ్యంతరం లేదు.